మూడో చరణం

"కరెంటు పోయినా మనల్ని ఎవడూ ఆపలేడు సార్!" అన్నాడు మహేందర్ సంబరంగా. "వయొలిన్లకు ప్లగ్గులుండయి గద."

ఆర్కెస్ట్రా అంతా నవ్వింది. నవ్వకపోతే బాగుండదు కాబట్టి అన్సార్ కూడా నవ్వాడు.

సిద్దిపేటలో అన్సార్‌ను ఎరగనివాళ్లు లేరు. ఇక్కడ రాక్ పాటంటే ఏమిటో తెలియని రోజుల్లో జుట్టు భుజాల దాకా పెంచి, గిటారు మెడకు తగిలించుకుని, వచ్చిన పెళ్లి సంబంధాలన్నీ చెడగొట్టుకున్న మనిషి. ఇప్పుడు జుట్టు పోయింది, పాటలు మిగిలాయి. వాటిని పెద్ద ఆర్కెస్ట్రాతో కొత్తగా కడుతున్నాడు మహేందర్. ఈ ఊరివాడే. చిన్నప్పుడు అన్సార్ క్యాసెట్ అరిగిపోయేదాకా విని, సంగీతంలో పడి హైదరాబాద్ చేరినవాడు.

పాటలు ఎన్నున్నా జనానికి కావలసింది ఒక్కటే, 'చెప్పిపోతా'. రెండు చరణాలయ్యాక "పోయేముందు ఒక్క మాట చెప్పిపోతా" అని గొంతెత్తుతాడు అన్సార్. అంతే. పాట అక్కడ టప్పున తెగిపోతుంది.

ఎందుకు తెగిందో ఊరంతా కథలుగా చెప్పుకుంటుంది. ముప్ఫై ఏళ్ల కింద, క్యాసెట్ల దుకాణం వెనక గదిలో, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం రికార్డింగ్. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. గిటారు, మైకు, టేపు మిషను, అన్నిటికీ కలిపి గోడకు ఒక్కటే ప్లగ్గు. సరిగ్గా మూడో చరణం ఎత్తుకునే వేళకు అన్నీ మూగబోయాయి. "కరెంటు పాయె!" అని ముందుగా అరిచింది అన్సారే. ఆ రోజుల్లో కరెంటు ఉంటే వింత గానీ పోతే వింతేముంది? దుకాణదారు ఆ తెగిన పాటనే అమ్మాడు. కుర్రకారు వెర్రెత్తిపోయింది. ఇంతకీ ఆ ఒక్క మాట ఏమిటి? మళ్లీ పాడి పూర్తి చేద్దామని బ్యాండువాళ్లు అంటే, "ముట్టుకుంటే చెడిపోతది" అన్నాడు దుకాణదారు. అన్సార్ ఎదురు చెప్పలేదు. సభల్లో కూడా అక్కడికే ఆపి, "మిగిలింది కరెంటోళ్లు తిన్నరు" అనేవాడు. ఈలలే ఈలలు.

ఇప్పుడు గజ్వేల్ నుంచి సిద్దిపేట దాకా రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు: 'తొలిసారిగా పూర్తి పాట!' కట్టించింది మహేందర్. అన్సార్‌ను అడగలేదు. సంతోషపడతాడనుకున్నాడు.

"గా పాట వద్దు మహేందర్," అన్నాడు అన్సార్. "వయొలిన్లు కలిస్తె చక్కెర పాకమైతది. అది పచ్చి మిరపకాయ లెక్క ఉండాలె."

"మూడో చరణానికి వయొలిన్లు తగ్గిస్త సార్. మీ గొంతు ఒక్కటే వినబడుతది."

అన్సార్ సాకులు వెతికాడు. గొంతు బాగాలేదన్నాడు. వయొలిన్ వాయించే మనస్విని పరుగున పోయి మిరియాల కషాయం తెచ్చింది. వైర్లు కాలికి తట్టుకుంటాయన్నాడు. మహేందర్ అతనికి వైరు లేని కట్టె గిటారు, వైరు లేని మైకు తెప్పించాడు. పైగా రెండు జనరేటర్లు. ఎటు తిరిగినా మంచివాళ్లే. ఒక్కడన్నా చెడ్డవాడుంటే పోట్లాడి బయటపడేవాడు.

కాస్త గాలి పీల్చుకుందామని కోమటి చెరువు గట్టుకు పోయాడు. అక్కడ సెల్ఫీలకు చుట్టుముట్టారు. "అన్నా, గా మాటేందో మా చెవుల చెప్పే!" అన్నారు. వెనక్కి తిరిగాడు.

ఇంట్లో భార్య జోహ్రా కాచుకుని ఉంది.

"గా చరణంల ఎవరున్నరో నాకన్న చెప్పున్రి. కోపం చెయ్య. గిది కోపమొచ్చే వయసా?"

"ఎవ్వరు లేరు."

"ఏంది, మరిచిపోయిన్రా?"

"మరిచిపోనీకె అండ్ల ఏమున్నది!"

భార్య నమ్మలేదు. ఎవత్తో ఉండే ఉంటుందనుకుని, సభకు కట్టుకునే చీర రెండోసారి ఇస్త్రీ చేసుకుంది.

సాయంత్రం స్టేజీ వెనక గదిలో ఒక ముసలాయన చేతులు జోడించి నిలబడ్డాడు. పేరు సిద్ధయ్య. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు.

"మీ పాట ఆపిన పాపాత్ముణ్ని నేనే సార్. ఆ దినం సబ్‌స్టేషన్ల డ్యూటీ నాదే. రోజుకు పదిసార్లు తీసేది, ఇచ్చేది. ఏ పూట తీసిన్నో నాకే యాదికి లేదు. గని ఊరంత నన్ను పాట ఆపిన సిద్ధయ్య అనే పిలుస్తది. నా పెండ్లాం సచ్చేదాక గదే పేరుతోని తిట్టింది. ఇయ్యాల ఆ మాట వింటె నా పాపం కడుక్కపోతది."

అన్సార్ ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు.

"నీ తప్పేం లేదు సిద్ధయ్యా," అన్నాడు నేల చూస్తూ.

ఎంత పెద్దమనసు అనుకున్నారు గదిలో అందరూ. మహేందర్ కళ్లు తుడుచుకుని, సిద్ధయ్యను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టాడు, జోహ్రా పక్కన.

హాలు కిటకిటలాడింది. 'చెప్పిపోతా' మొదలైంది. వయొలిన్లు కలిసినా పాటలో కారం తగ్గలేదు. ఎప్పుడూ లేనంత బాగా పాడాడు అన్సార్. ఒక చరణమైంది. రెండో చరణమైంది. పోయేముందు ఒక్క మాట చెప్పిపోతా అని గొంతెత్తాడు.

పాట తెగలేదు. ఆర్కెస్ట్రా పొంగి, మెల్లగా తగ్గి, మనస్విని వయొలిన్ మీద ఒక్క సన్నని స్వరంగా మిగిలింది. అది అన్సార్ కోసం ఆగకుండా మోగుతూనే ఉంది. జోహ్రా కుర్చీ అంచుకు జరిగింది. సిద్ధయ్య జోడించిన చేతులు దించలేదు. ఇక మీదే అన్నట్టు మహేందర్ చెయ్యి చాపాడు.

ముప్ఫై ఏళ్ల కింద ఆ గదిలో చేసినట్టే, అన్సార్ కుడికాలు ఎవరికీ తెలియకుండా మెల్లగా వెనక్కి జరిగి, ప్లగ్గు వైరు లాగెయ్యడానికి తడుముకుంది.