పెన్సిల్ గుర్తులు

లండన్ ప్రచురణకర్తల దగ్గర్నుంచి ఫెర్రూహ్ అనువాదం కాగితాల కట్ట మూడోసారి తిరిగొచ్చింది.

పైన ఒక చీటీ. ఈ నవలలో టాక్సీ డ్రైవరుకి ఎంతమంది అన్నలు? చేపలమ్మే ఆవిడ ఊరందరికీ అక్క ఎలా అయింది?

ఫెర్రూహ్ పళ్ళు నూరాడు. ఇస్తాంబుల్‌లో ముక్కూ మొహం తెలియనివాణ్ణి దారి అడగాలన్నా ముందు అన్నా అని పిలవాల్సిందే. ఆ అన్నల్నీ అక్కల్నీ ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులోకి దించడం తప్పెలా అవుతుంది?

శుక్రవారానికి మొదటి అధ్యాయం కుదరకపోతే పుస్తకం వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. పదకొండేళ్ళుగా మందుల పెట్టెల్లో చీటీలూ కరపత్రాలూ అనువదిస్తూ బతికినవాడికి దొరికిన మొదటి నవల అది.

టేబుల్ మీద అట్ట చిరిగిన పాత అనువాదం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అట్ట మీద అనువాదకుడి పేరుకి బదులు ఎం. జెడ్. అని రెండక్షరాలే. ఆయన ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. రోజూ పని మొదలుపెట్టే ముందు ఫెర్రూహ్ ఆ పుస్తకాన్ని ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంటాడు, పండక్కి పెద్దల చెయ్యి ఆనించుకున్నట్టు.

గురువారం మధ్యాహ్నం వానలో ఒక ముసలావిడ మెట్లెక్కి అతని గదికి వచ్చింది. తడిసిన కోటు, చేతిలో ఉల్లిపాయల సంచి.

"నేను ముబెర్రాని బాబూ. మీరు..."

"పుస్తకాల కొట్టు కింద, పిన్నీ."

ఆవిడ కదల్లేదు. టీ తెచ్చిన కొట్టు కుర్రాడు రెజెప్ అలవాటు కొద్దీ రెండు గ్లాసులు పెట్టబోయాడు. ఒకటి చాలన్నాడు ఫెర్రూహ్. గుమ్మం ఎక్కినవాళ్ళని, పగవాళ్ళనైనా సరే, టీ ఇవ్వకుండా పంపని వీధి అది. రెజెప్ సిగ్గుతో తలొంచుకుని రెండో గ్లాసు తీసుకుపోయాడు.

ఇంతలో వరండాలో ఫోన్ మోగింది. ఫెర్రూహ్ అరగంట మాట్లాడి వచ్చేసరికి ఆవిడ నిలబడే టేబుల్ మీదున్న అధ్యాయం పదకొండు కాగితాలూ చదివేసింది. చదవడమే కాదు, పెన్సిల్‌తో అన్నల్నీ అక్కల్నీ కొట్టేసి, పక్కన సన్నటి అక్షరాలతో ఏదో రాసింది.

"ఇంగ్లీషువాళ్ళు పరాయివాణ్ణి అన్నా అని పిలవరు బాబూ. ఆ మాట తీసెయ్. పెద్దాయన బండెక్కగానే డ్రైవరు సిగరెట్ దాచాడని రాయి. అప్పుడు ఆ మర్యాద వాళ్ళకీ అర్థమవుతుంది."

ఫెర్రూహ్‌కి ఒళ్ళు మండిపోయింది. పాత పుస్తకాన్ని ఆవిడ ముఖం ముందు ఆడించాడు.

"ఈ మహానుభావుడి కాలిగోటికి చాలవు నువ్వు. నాకు పాఠాలు చెప్తావా? ఇంటికెళ్ళి ఉల్లిపాయలు తరుక్కో, పో."

ఆవిడ ఆ పుస్తకం వంక కాసేపు చూసింది.

"అందులోనూ తప్పులున్నాయి బాబూ," అంది మెల్లగా.

అంతే, సంచి లాక్కుని గుమ్మం బయటికి విసిరేశాడు. ఉల్లిపాయలు మెట్ల మీదుగా దొర్లుకుంటూ పోయాయి. ఆవిడ నడుం పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ ఏరుకుంటుంటే, అతను పైన చేతులు కట్టుకుని చూశాడు. రెజెప్ వచ్చి సాయం పట్టాడు.

తర్వాత ఫెర్రూహ్ రబ్బరు పట్టుకుని కూర్చున్నాడు. పదకొండు కాగితాల్లోనూ ఒక్క పెన్సిల్ గీత మిగలనివ్వలేదు. రాసిందేమిటో చదవను కూడా లేదు. రబ్బరు పొట్టుని ఉఫ్‌మని ఊదేశాడు.

సాయంత్రం లండన్ నుంచి ఫోన్. అవతలి గొంతులో సంతోషం పట్టడం లేదు. ఇన్నాళ్ళుగా వాళ్ళు వెతుకుతున్న మనిషి ఆచూకీ దొరికిందట. ఎనభై ఒకటో ఏట ఎక్కడికీ కదలనంటే వారం రోజులు బతిమాలారట. చివరికి పైసా తీసుకోకుండా వచ్చి దిద్దిపెడతానన్నారట. ఆ పెన్సిల్ గుర్తులున్న కాగితాలు ఉన్నవి ఉన్నట్టు రేపు పంపిస్తే, నవల ఫెర్రూహ్‌దేనట.

ఫెర్రూహ్ రిసీవర్ చెవికి నొక్కుకున్నాడు. ఎవరు దిద్దినవని అడిగాడు.

"అదేమిటి, రోజూ నుదుటికి ఆనించుకుంటానని మాకు ఉత్తరంలో రాశారుగా, మీ ఎం. జెడ్., ముబెర్రా జోర్లు గారు... ఇవాళ మీ దగ్గరికి రాలేదా?"