నీలం గేటు దగ్గరి మనిషి

ఆ మనిషి పొద్దుటి నుంచి మూడోసారి వచ్చి నీలం గేటు ముందు నిలబడ్డాడు.

ఆ ఇల్లు ఓక్‌బున్‌ది. రెండేళ్ళ కిందట టీవీ సీరియల్లో హీరోయిన్ ఇల్లని దాన్నే చూపించారు. అప్పటినుంచీ ఈ రేవుకి జనం బస్సుల్లో వచ్చిపడుతున్నారు. గేటుకి ఆనుకుని ఫొటో దిగుతారు, పోతారు.

ఇతను ఫొటో తీయలేదు. కళ్ళు మూసుకుని, సముద్రం వైపు చెవి ఒగ్గి నిలబడ్డాడు.

ఓక్‌బున్ చేపలు ఆరేస్తూ అతన్నే కనిపెడుతోంది. పోయిన నెలే పక్కవీధిలో ఒంటరి ముసలమ్మ ఇల్లు దోచుకుపోయారు.

"ఏం కావాలయ్యా?"

"ఇంటాయన లేరా బామ్మగారూ?"

ఆమె భర్త చిల్‌సొంగ్ పోయి ఏడాదైంది. ఆ మాట పరాయివాడికి చెప్పడమెందుకు?

"ఎందుకు లేడూ? లోపల పడుకున్నాడు."

అతని మొహం విచ్చుకుంది. "కాస్త లేపండి. ఒక్కసారి చూసి పోతాను."

గేటు మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్! ఆయన లేచాడంటే నీ కాళ్ళు విరగ్గొడతాడు."

"ఆయనా?" అతను నవ్వేశాడు. "ఆయన విరగ్గొట్టరు లెండి."

అతను సంచిలో చెయ్యి పెట్టాడు. అంతే, ఓక్‌బున్ లోపలికి పరుగెత్తి తలుపు గడియ పెట్టి, పోలీసులకి ఫోన్ చేసింది.

ఐదు నిమిషాల్లో కానిస్టేబుల్ బే వచ్చి అతన్ని జబ్బ పట్టుకుని తీసుకుపోయాడు.

"మళ్ళీ ఈ గుమ్మం తొక్కావో!" అంటూ ఆమె పీడ పోవాలని గుప్పెడు రాళ్ళుప్పు తెచ్చి అతని వెనకాలే విసిరింది.

సాయంత్రం బే ఒక్కడే వచ్చాడు.

"పట్నం బస్సెక్కించి వచ్చాను బామ్మా. దొంగ కాదు."

"మరి?"

"మీ ఆయన పోయాడంటే నమ్మడే! 'లోపల పడుకున్నారని ఆవిడే చెప్పారు' అంటాడు. ఆఖరికి నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చాడు."



"ఎవరతను?" అంది ఓక్‌బున్.

"నేనూ అడిగాను. 'ఆయనే చెబుతారు' అని ఇది ఇచ్చాడు."

బొటనవేలంత ఆడియో ప్లేయరు. బే మీట నొక్కాడు.

ముందు అలల హోరు. తరవాత ఒక దగ్గు. ఆ దగ్గు వినగానే ఓక్‌బున్ గోడ పట్టుకుంది.

"ఇదిగో సౌండు బాబూ, షూటింగున్న నెల్లాళ్ళూ కొడుకులా నాకు తోడున్నావు, మా ఆవిడ మా అమ్మాయికి పురుడు పోసి వచ్చాక నువ్వు మళ్ళీ రావాలి, దాని చేత్తో నీకు అన్నం పెట్టించే పూచీ నాది!" అన్నాడు చిల్‌సొంగ్.