మాస్టారి మాట

"పాలు తాగరా అని నేను మొత్తుకుంటే వినవు. ఆ బొమ్మ చెబితే గటగటా తాగేస్తావా?"

"బొమ్మ కాదు నాన్నా, మాస్టారు," మూతి తుడుచుకుంటూ అన్నాడు చిన్నోడు.

టీవీలో టోపీ పెట్టుకున్న ఫుట్‌బాల్ మాస్టారు, మోకాళ్ళు గీరుకుపోయిన పిల్లల జట్టు ముందు నిలబడి ఉన్నాడు. తెలుగులోకి మార్చిన ఆ యానిమే, అదే విదేశీ బొమ్మల సీరియల్, వచ్చే అరగంటా ఇంట్లో తండ్రి ఉన్నా లేనట్టే.

"కాలి వంక చూడకు. వెళ్ళాల్సిన చోటు చూడు. కాళ్ళు వాటంతటవే వస్తాయి," అన్నాడు మాస్టారు. చిన్నోడి పెదాలు కూడా కదిలాయి.

తండ్రికి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచీ సైకిల్ షాపులో పంక్చర్లు వేసి, చేతుల గ్రీజు వదలకముందే ఇంటికి పరిగెత్తుకొస్తే, కొడుకు ముఖం అటు తిప్పుకుని కూర్చుంటాడు.

"ఇదేం గొప్ప మాటరా? ఎవడైనా చెబుతాడు."

"మరి నువ్వెప్పుడూ నాకు చెప్పలేదే?"

తండ్రికి కోపం ఇంకా పెరిగింది.

"వాడిది ఏ దేశమో ఏమో! ఎవరో రాసిస్తే చిలకలా పలుకుతాడు. ఆ రాసేవాళ్ళు కూడా ఎక్కడో కొట్టేసే ఉంటారు."

వంటింట్లోంచి భార్య నవ్వింది. "బొమ్మతో పోటీ ఏంటండీ? పట్నంలో ఉన్న మీ కూతురు వింటే పగలబడి నవ్వుతుంది."

"దానికి తీరికెక్కడిది? ఏం ఉద్యోగమే అంటే 'రాత పని నాన్నా' అంటుంది. ఆ రాతేదో తమ్ముడికి నాలుగు ముక్కలు రాయొచ్చుగా, ఈ బొమ్మల పిచ్చి వదలమని!"

ఆదివారం బడి జట్టుకు ఎంపిక. తండ్రి షాపు మూసేసి మరీ మైదానానికి వెళ్ళాడు. ఈ ఒక్కరోజైనా కొడుకు తన వంక చూడాలి, ఆ టోపీవాడి వంక కాదు.

బంతి వెంట ఉరుకుతూ చిన్నోడు బోర్లా పడ్డాడు. లేవలేదు. తండ్రి ఏం అంటున్నాడో తనకే తెలియకుండా అరిచాడు.

"పడ్డావని ఎవరన్నార్రా? నేల గట్టిగా ఉందో లేదో చూసొచ్చావంతే. లే!"

చిన్నోడు తలెత్తాడు. ముఖం వెలిగిపోయింది. లేచి, మళ్ళీ బంతి వెంట పడ్డాడు.

వాణ్ణి జట్టులోకి తీసుకున్నారు. పరిగెత్తుకొచ్చి తండ్రిని వాటేసుకున్నాడు.

"నాన్నా, దొంగా! నువ్వు కూడా చూస్తున్నావన్నమాట. అది మాస్టారు మొదటి రోజే చెప్పిన మాట!"

"నేనెప్పుడు చూశానురా?"

వాడు వినిపించుకోలేదు. "ఒరేయ్, మా నాన్న కూడా మాస్టారి ఫ్యానే!" అని అరుస్తూ స్నేహితుల దగ్గరికి పోయాడు. తండ్రి చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

సాయంత్రం కూతురికి ఫోన్ చేశాడు.

"మీ తమ్ముడు జట్టులో చేరాడే. పేరు మాత్రం ఆ టోపీవాడికి. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట కూడా వాడిదేనట!"

"ఏ మాట నాన్నా?"

చెప్పాడు.

"నాకు సైకిల్ నేర్పేటప్పుడు, పడ్డప్పుడల్లా ఏమనేవాడివో గుర్తుందా?"

"నా బాధేదో నేను చెబుతుంటే, మధ్యలో సైకిల్ గొడవేంటే?"

అవతల కూతురు నవ్వింది.

"ఆ టోపీవాడికి తెలుగు మాటలు రాసేది నేనే నాన్నా."