హోల్డాన్

నిన్న మీరన్న మాటకి ఇవాళ జవాబు చెప్తున్నానండి, గంగరాజుగారూ.

టీ కొట్టు దగ్గర అందరి ముందూ ఏమన్నారు? "ఒరేయ్ దుర్గేషూ, గైడ్ వేరు, లీడర్ వేరు. గైడ్ దారి చూపిస్తాడు, లీడర్ నడిపిస్తాడు. నువ్వు క్లీనర్‌వి, ఉత్త గైడ్‌వి. అడిగితేనే నోరు తెరువు" అన్నారు. అందరూ నవ్వేరు. ఏడో క్లాసులో మానేసినవాడికి ఇంగ్లీషు బానే నేర్పేరు.

మరి మూడేళ్ళుగా లారీ వెనక్కి తీసిన ప్రతిసారీ దిగి నిలబడింది ఎవరండీ? నేను "రానీ రానీ" అంటే వచ్చేరు. "హోల్డాన్" అంటే ఆగేరు. ఒక్కసారైనా తల బయటపెట్టి చూసుకున్నారా? నేను అరవలేదంటే వెనకాల చోటున్నట్టే కదా మన లెక్క.

నిన్న సాయంత్రం ముక్తేశ్వరం కాలవగట్టు మీద కొబ్బరికాయల లోడుతో వెనక్కొస్తున్నారు. టైరు కింద మట్టి జారడం చూశాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను. అడగనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను.

మీరు అడగలేదు.

ఇదిగో, ఇప్పటికి వచ్చింది క్రేన్. లారీ ఎటు పడిందో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అని, ఎటు లాగాలో క్రేన్‌వాళ్ళు నన్నే చెప్పమంటున్నారు. రాత్రంతా ఆ నీళ్ళలో, క్యాబిన్‌లోనే ఉండిపోయేరు మీరు. మీ వైపు తలుపు నలక్కుండా తియ్యాలి.

ఈసారి అడక్కపోయినా అరుస్తానండి.

పిలుస్తున్నారు. వెళ్ళాలి.