బద్యా ట్రైల్

చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు గార్డు రవికుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు. బద్యా ట్రాక్టర్ ఆపాడు. వెనక ట్రాలీలో, గడ్డి మీద, కాలు విరిగిన భార్య ద్వాలి మూలుగుతోంది.

“కొత్త రూల్ వచ్చింది. ఇగ ఈ దారిల సఫారీ జీపులే పోవాలె. మీ బండ్లు బంద్.”

“పాల్వంచ దవాఖానాకు పోవాలె సారూ. రోడ్డెంట చుట్టు తిరిగి పోతే పొద్దుగూకుతది. అసలు ఈ దారి సూపిచ్చిందే నేను గద!”

నిజమే. పోయిన ఎండాకాలం ఫారెస్టు పెద్దసార్లు వచ్చి పాత బండ్లబాట ఎక్కడని అడిగారు. తమ తండాకు రోడ్డు వేస్తారనుకొని బద్యానే ముందు నడిచాడు. తుప్పలు కొట్టాడు. వాగు దాటే చోటు కూడా చూపించాడు.

“అందుకే గద, ఈ దారికి నీ పేరే పెట్టి బోర్డు రాసిన్రు. బండి తిప్పుకో.”

బద్యా ట్రాక్టర్‌ను పక్కకు తీశాడు. వెనక వచ్చిన జీపుకు గేటు లేచింది. అందులో పట్నం ఆవిడ వరసగా బోర్డులు చదివింది: చిరుత ట్రైల్, ఎలుగుబంటి ట్రైల్, బద్యా ట్రైల్.

“బద్యా అంటే ఏ జంతువండీ? ఈ దారిలో కనిపిస్తుందా?”

రవికుమార్ ట్రాక్టర్ వైపు చూడలేదు.

“ఇప్పుడు ఈ దారిల తిరగదు మేడం.”