ఫాంటు లేని ఉత్తరం

పొద్దున్నుంచీ ఆకాశం ముసురుకునే ఉంది గానీ చినుకు రాలలేదు. రాత్రి ప్రెస్సులో అందరూ వెళ్ళాక డీటీపీ ఆపరేటరు తన సొంత పనికి కూర్చున్నాడు. చనిపోయిన భార్య, అప్పట్లో పసిబిడ్డగా ఉన్న కూతురి కోసం టైపు చేసి దాచిన ఉత్తరమది. తెల్లారితే ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు. అచ్చువేసి చేతికివ్వాలి.

ఉత్త టెక్స్ట్ ఫైలుకు సొంత ఫాంటు, అంటే అక్షరాల తీరు, ఉండదు. తెరిచిన ప్రోగ్రాం ఏ చొక్కా తొడిగితే అదే. కానీ తెర మీద చేత్తో రాసినట్టు, కుడికి ఒరిగిన గుండ్రటి అక్షరాలు వచ్చాయి. డిఫాల్టు ఫాంటు మార్చి, ఫైలు మూసి, మళ్ళీ తెరిచాడు. పైన మామూలు ఫాంటు పేరే ఉంది. కింద ఆ అక్షరాలే ఉన్నాయి.

క్యారేజీ తెచ్చిన కూతురు వెనక నిలబడింది.

"ఎవరి రాత నాన్నా?"

"మీ అమ్మది."

"అమ్మ రాత ఒక్క ముక్కా మిగల్లేదన్నావుగా?"

"మిగల్లేదమ్మా. ఉండు, సరిచేస్తా."

"నీ చాదస్తం నువ్వూను! ముట్టుకోకు."

అతను మౌసు మీద నుంచి చెయ్యి తీశాడు. గదిలో కంప్యూటరు గురక తప్ప చప్పుడు లేదు. ఉత్తరం అడుగున, ఇందాక లేని వరుస ఒకటి అదే రాతలో మెల్లగా పడింది.

'ముందు ఇద్దరూ తినండి. చల్లారిపోతుంది.'

కూతురు క్యారేజీ విప్పింది. తెర ఆపకుండా, దాని ముందే కూర్చుని, ఇద్దరూ తిన్నారు.