గోక్కుంటున్నది నేనే

భూకంపం వచ్చి పోయి నెల దాటినా, చుక్కల కోడిపెట్ట కాళ్ల కింద నేల ఇంకా కదులుతూనే ఉంది. కొట్టంలో పన్నెండు గుడ్లను పొదుగుతోందా, పక్కనే ఉన్న గేదె రాటకు వీపు గోక్కుంటే చాలు, కొట్టం కాస్త ఊగేది. "మళ్లీ వచ్చిందర్రోయ్!" అంటూ పెట్ట పెంటకుప్ప దాకా పరుగెత్తేది. గుడ్లు చల్లబడేవి.

"వదినా, అది నా వీపు!" అనేది గేదె.

"ఆ రోజు కూడా మొదట నీ వీపే అనుకున్నాను!" అనేది పెట్ట.

సరే, గోక్కోవడం మానేస్తానంది గేదె. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజుకి ఏడుపొచ్చేసింది. చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. గోక్కునే ముందు గేదె "నేనే వదినా!" అని కేకెయ్యాలి. పెట్ట "కానియ్యి" అనాలి.

ఆ కేక అలవాటయ్యాక పెట్ట గుడ్ల మీంచి లేవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం నిజంగానే భూమి కదిలింది. రాటలు కిర్రుమన్నాయి, కుడితి తొట్టి తొణికింది, అంతలోనే ఆగింది.

"చెప్పి గోక్కోవచ్చుగా వదినా!" కునుకులోంచే విసుక్కుంది పెట్ట.

గేదె రాటకు బారెడు దూరంలో ఉంది. నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది.

"మర్చిపోయాను వదినా, నేనే," అంది.

దురద లేకపోయినా, మెల్లగా వెళ్లి రాటకు వీపు రుద్దింది.

"కానియ్యి," అంది పెట్ట.